కర్త లేని వాక్యం

డార్మ్‌స్టాట్‌లోని ఆ మూడవ అంతస్తు ఇంట్లో ప్రతి ఉదయం మొదట జరిగే పని, జనార్దనరావు గారి కుడిచేతిని చొక్కాలోకి ఎక్కించడం. ముందు నొప్పి ఉన్న చేయి, ఆ తరువాత చొక్కాను వీపు వెనుకనుంచి తిప్పి మంచి చేయి. ఆ వరుస తప్పితే ఆయన అరిచేవారు కారు గాని, పెదవులు బిగించి కళ్ళు మూసుకునేవారు. ఆయన భార్య మంగ ఎదురుగా నిలబడి ఒక్కొక్క గుండీ పెట్టేది. మెడ దగ్గరి గుండీ వచ్చేసరికి ఆయన గడ్డం పైకెత్తి, కిటికీ అవతల ఎదుటింటి పెంకులను పరిశీలిస్తున్నట్లు చూసేవారు. ఒకరిచేత బట్టలు తొడిగించుకుంటున్న మనిషి చూపు ఎక్కడో ఒకచోట నిలవాలి కదా.

ఆ చేయి విరిగింది తడిసిన ఆకుల మీద. కొడుకు శశికాంత్ దగ్గర మూడు నెలలు ఉండి వెళ్దామని దంపతులు వచ్చిన కొత్తలోనే, ట్రామ్ ఎక్కబోతూ ఆయన జారిపడ్డారు. రబ్బరు అడుగున్న బూట్లు శశికాంత్ కొని గుమ్మం దగ్గర పెట్టి ఉంచాడు. ఆయన మాత్రం మెరుగుపెట్టిన తన తోలు బూట్లే వేసుకుని బయలుదేరారు. ఎలా జరిగిందని ఆసుపత్రిలో కొడుకు అడిగినప్పుడు, "పాదరక్షల ఎంపికలో పొరపాటు జరిగింది" అని సమాధానమిచ్చారు. పొరపాటు ఎవరిదో ఆ వాక్యంలో లేదు.

ఆయన వాక్యాలు ఎప్పుడూ అలాగే ఉండేవి. సచివాలయంలో ఉప కార్యదర్శిగా పదవీ విరమణ చేసేనాటికి, ఆయన రాసిన నోట్లను కొత్తగా చేరినవారికి నమూనాలుగా చూపేవారు. ఇంగ్లీషులో రాసినా తెలుగులో రాసినా ఆ నోట్లలో కర్త కనిపించడు. విషయము పరిశీలించబడినది. చర్య తీసుకొనబడుచున్నది. జాప్యము గమనించబడినది. ఎవరు పరిశీలించారు, ఎవరు జాప్యం చేశారు అని ఏ ఆడిటరూ వేలు పెట్టి చూపలేకపోయాడు. వ్యాకరణంలో దీనిని కర్మణి ప్రయోగమంటారని, తెలుగువాడి నాలుకకు అది సహజం కాకపోయినా పరిపాలనకు అంతకన్న మర్యాదైన వాక్యం లేదని ఆయన తన కింది ఉద్యోగులకు బోధించేవారు. కాలక్రమేణా ఆ మర్యాద ఇంట్లోకి కూడా వచ్చింది. "తలుపు గడియ వేయబడలేదు" అని ఆయన పడకకుర్చీలోనుంచి అనేవారు. మంగ లేచి వెళ్ళి వేసేది.

చేయి విరగడంవల్ల చిక్కుబడిన సంగతి మరొకటి ఉంది. హానోవర్‌లో ఉంటున్న రాజ్యశ్రీకి నెలలు నిండుతున్నాయి. రాజ్యశ్రీ మంగకు చెల్లెలి కూతురు. ఆ చెల్లెలు కాలం చేసి చాలా ఏళ్ళయింది. అమ్మ ఉంటే వచ్చేది కదా పెద్దమ్మా అని ఆ పిల్ల ఫోనులో ఒక్కసారే అంది. ఆ ఒక్కమాటకే, పురుడు పోయడానికి తాను వస్తానని మంగ మాట ఇచ్చింది. విమానమంటే భయపడే ఆమె ఈ ప్రయాణానికి ఒప్పుకున్నదే అందుకని చెప్పినా తప్పులేదు. ఇంట్లో దంచి చేసిన కాయం పొడి, శొంఠి, వాము, మెత్తబడిన పాత నూలుచీరలు చింపి అంచులు కుట్టిన గుడ్డలు ఒక సంచిలో సర్ది, ఆ సంచిని ఇక్కడికి వచ్చాక కూడా విప్పకుండా మంచం పక్కనే ఉంచుకుంది.

కాని పగలంతా ఆ ఇంట్లో ఎవరూ ఉండరు. శశికాంత్, కోడలు వైశాలి ఉద్యోగాలకు వెళ్తారు. మనుమరాలు రిషిత బడికి వెళ్తుంది. చొక్కా తొడుక్కోలేని, స్నానమైన తరువాత వీపు తుడుచుకోలేని మనిషిని వదిలి మంగ వెళ్ళలేదు. కోడలిచేత బట్టలు తొడిగించుకోవడానికి ఆయన ప్రాణం పోయినా ఒప్పుకోరు. కనుక సంగతి అందరికీ తెలిసినదే. ప్రసవం నాటికి ఆయన తన చొక్కా తాను తొడుక్కోగలిగితే మంగ హానోవర్ వెళ్తుంది. లేకపోతే లేదు.

మెడకు వేలాడదీసిన పట్టీ విప్పిననాడు డాక్టరు, ఎముక చక్కగా అతుకుకుందని, ఇక మిగిలినదంతా వ్యాయామం మీదనే ఆధారపడి ఉందని చెప్పాడు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర జనార్దనరావు గారు గొంతు సవరించుకుని, "ఆ సమయానికి చేయి సిద్ధం చేయబడుతుంది" అని ప్రకటించారు. మంగ ముఖం వికసించింది. ఆ వాక్యంలో ఏదో లోపించిందని ఆమెకు తోచలేదు.

వ్యాయామం నేర్పే ఆవిడ పేరు ఫ్రావ్ లెంజ్. స్టేషను దగ్గర ఆమె క్లినిక్ ఉంది. దానిని అందరూ ప్రాక్సిస్ అంటారు. మొదటి టెర్మిన్‌లలో, అంటే ఆమె ఇచ్చిన సమయాలకు వెళ్ళినప్పుడు, ఆయనను బల్లమీద పడుకోబెట్టి ఆమే ఆయన చేతిని మెల్లగా ఎత్తి దించేది. ఆ తరువాత ఇంటి దగ్గర రోజూ చేయవలసినవి మూడు నేర్పింది. మొదటిది, ఎడమచేయి బల్లకు ఆన్చి నడుము వంచి, కుడిచేతిని వేలాడదీసి ఊపడం. రెండవది, గోడకెదురుగా నిలబడి వేళ్ళను సాలీడులా పైకి పాకించడం. మూడవది, ఒక కర్రను రెండు చేతులా పట్టుకుని తలమీదికి ఎత్తడం.

మొదటిదానికి రిషిత ఏనుగు అని పేరు పెట్టి, తానూ వంగి తొండం ఊపి చూపించింది. మూడవదానికి తగిన కర్ర ఆ ఇంట్లో నేల ఊడ్చే చీపురుది తప్ప మరొకటి దొరకలేదు.

కొద్దిరోజులు ఆయన చేశారు. నొప్పి వచ్చింది. నొప్పిని ఆయన ఓర్చుకోగలరు. కాని నడుము వంచి చేయి వేలాడదీసుకుని ఊగుతున్నప్పుడు, ఎదుటి ఇంటి బాల్కనీలో మొక్కలకు నీళ్ళు పోస్తున్న పెద్దమనిషి ఒకరు చేయెత్తి పలకరించారు. మరునాడు, చీపురు కర్ర నెత్తిమీద ఉండగా వైశాలి గదిలోకి వచ్చి, క్షమించండి మామయ్యా అంటూ వెనక్కి వెళ్ళింది. నవ్వు ఆపుకోవడానికే ఆ అమ్మాయి అంత తొందరగా వెళ్ళిందని ఆయనకు అనిపించింది. ఆమె నవ్విందో లేదో ఎవరికీ తెలియదు. ఆ మరుసటి ఉదయం నుంచి ఆయన తలుపు వేసుకోవడం ప్రారంభించారు.

తలుపు వేసుకుని మొదట కాసేపు కూర్చునేవారు. చేతికి వేడి పట్టాలని మంగ ఇచ్చిన వేడినీళ్ళ సంచిని భుజం మీద పెట్టుకునేవారు. అది హాయిగా ఉండేది. ఆ హాయి చల్లారేలోపల ఊరి సంగతులు కొంచెం చూద్దామని ట్యాబ్లెట్‌లో దినపత్రిక తెరిచేవారు. సంపాదకీయంలో ఒక వ్యాకరణ దోషం కనిపించేది, దాని తరువాత మరొకటి. సంచి చల్లారేది, పత్రిక పూర్తయ్యేది. గోడ ఆయన ఎదురుగా తెల్లగా, ఎవరి వేళ్ళ గుర్తూ లేకుండా ఉండేది.

తలుపు అవతల మంగ కాపలా ఉండేది. శనివారాలు, ఆదివారాలు రిషిత హాల్లో పాట పాడుకుంటూ గంతులు వేస్తే, తాతయ్య కష్టపడి ఎక్సర్‌సైజు చేసుకుంటున్నారు, నోరు మూసుకో అని గట్టిగా గుసగుసలాడేది. కుక్కరు కూత కూడా ఆయనకు అడ్డం కాకూడదని వంటగది తలుపు దగ్గరగా వేసేది. తలుపు తెరుచుకుని ఆయన బయటకు రాగానే, "అయిందా అండీ?" అని అడిగేది.

"అయింది" అనేవారు ఆయన.

అబద్ధమాడుతున్నానని ఆయన అనుకోలేదు. చేశాను అని ఆయన ఎన్నడూ అనలేదు కదా. అయింది అన్నారు. ఏదో ఒకటి అయిన మాట నిజమే. ఇంత జాగ్రత్తగా వాక్యాలు కట్టగలిగిన మనిషికి తనను తాను మోసం చేసుకోవడం పెద్ద శ్రమ కాదు.

తరువాతి టెర్మిన్‌కు శశికాంత్‌కు సెలవు దొరకలేదు. బడి అయిపోయిన రిషిత, మంగ ఆయన వెంట వెళ్ళారు. ఫ్రావ్ లెంజ్ ఆయనను గోడ దగ్గర నిలబెట్టి చేయి ఎత్తమన్నది. చేయి భుజం దాకా కూడా రాలేదు. ఆమె ఒక కొలబద్ద పెట్టి కోణం చూసి, కనుబొమలు ముడిచి, పాత కోణమే ఉందని చెప్పింది. ఇలాగే బిగుసుకుపోతే మత్తు ఇచ్చి డాక్టరు చేతిని వంచి తీయవలసి వస్తుందని కూడా చెప్పింది. అప్పుడు తనకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో, ఇంటి దగ్గర వ్యాయామాలు చేస్తున్నారా అని సూటిగా అడిగింది.

జనార్దనరావు గారు నిటారుగా నిలబడి, తన జీవితమంతా రాసిన ఇంగ్లీషులో సమాధానమిచ్చారు. "ది ఎక్సర్‌సైజెస్ ఆర్ బీయింగ్ డన్, మేడమ్. రెగ్యులర్లీ."

వ్యాయామాలు క్రమం తప్పక చేయబడుతున్నాయి. వాక్యంలో ఎక్కడా పొల్లు లేదు.

"బై హూ?" అన్నది ఫ్రావ్ లెంజ్.

ఎవరిచేత? ఆమె ముఖంలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోగోరి అడిగింది. బై హూమ్ అనాలి కదా అని ఆయన మనస్సు ముందుగా ఆమె తప్పును దిద్దింది. ఆ తరువాతనే ప్రశ్న ఆయనకు తగిలింది.

ఆమె ఓపికగా వివరించింది. తమ వృత్తిలో రెండు మాటలున్నాయి. రోగి చేతిని మరొకరు పట్టుకుని కదిలిస్తే అది పాసివ్. రోగి తన బలంతో తానే కదిలిస్తే అది ఆక్టివ్. పాసివ్ చేయవలసిన రోజులు దాటిపోయాయి. ఇప్పుడు ఇంట్లో ఎవరైనా ఆయన చేయి పట్టుకుని ఎత్తుతుంటే వెంటనే మానాలి, దానివల్ల కండకు బలం రాదు. అలా అంటూ ఆమె మంగ వైపు చూసింది.

మంగకు అందులో ఒక్క ముక్క తెలియలేదు. తనవైపు తిరిగిన చూపు మాత్రం అర్థమైంది. రిషిత భుజం తట్టి, ఏమంటుందే ఆవిడ అని అడిగింది.

"తాతయ్య చెయ్యి ఎవరు లిఫ్ట్ చేస్తున్నారని అడుగుతోంది నానమ్మా. నువ్వేనా అంటోంది. అలా చెయ్యడం రాంగ్ అంట. అందుకే బాగవట్లేదంట."

మంగ భర్త వైపు చూసింది. ఆయన గోడకు వేలాడదీసిన అస్థిపంజరం బొమ్మను చూస్తున్నారు. పెళ్ళయినప్పటినుంచి ఆమెకు తెలిసిన చూపే అది, పెంకుల మీద నిలిచే చూపు. మనుమరాలి ముందు, పరాయి ఆడమనిషి ముందు ఆయనకు తలవంపులు రాబోతున్నాయని మాత్రం ఆమె గ్రహించింది.

"నేనే అని చెప్పు" అంది. "నేనే సరిగ్గా చేయించలేకపోయానని చెప్పు. నాకు తెలియక చేశానని చెప్పు."

రిషిత జర్మనులో చెప్పింది. ఫ్రావ్ లెంజ్ మంగ చేయి పట్టుకుని, కోపం లేకుండా, కాని చిన్నపిల్లకు చెప్పినట్లు ఒక్కొక్క మాట విడదీసి చెప్పి, చివర వేలితో ఆయనను చూపింది. నువ్వు కాదంట నానమ్మా, తాతయ్యంట అని రిషిత అనువదించింది. మంగ తప్పు చేసినదానిలా తల ఊపింది.

అంతసేపూ ఆయన ముందు ఒక వాక్యానికి సరిపోయే చోటు ఖాళీగా ఉంది. ఆయన ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో కట్టి చూశారు, తెలుగులో కట్టి చూశారు. ప్రతిసారీ అది కర్త లేకుండానే తయారైంది. అలా తయారైన దానిని పైకి అనడానికి సిగ్గు వేసింది. చెవులు వేడెక్కాయి. మంగ ఆయనకు కోటు తొడిగింది.

తిరుగు ట్రామ్‌లో రిషిత కిటికీ అద్దం మీద ముక్కు ఆన్చి ఆలోచించి ఆలోచించి అడిగింది. "నువ్వు ఎప్పుడు చేయించావు నానమ్మా? డోర్ క్లోజ్ చేసి ఉంటుంది కదా."

"నువ్వు స్కూల్లో ఉన్నప్పుడు."

"ఆబర్ దస్ ష్టిమ్ట్ నిష్ట్" అని ఆ పిల్ల మెల్లగా అంది.

అది నిజం కాదని ఆమె అన్నట్లు, జర్మను రాని ఆయనకు కూడా ఆ గొంతులోనే తెలిసింది. మంగ పిల్ల జుట్టు సవరిస్తూ, పెద్దవాళ్ళ సంగతుల్లో ఆరాలు తియ్యకమ్మా అంది. తన కోసం మంగ చెప్పిన రెండవ అబద్ధం అది. ఆయన కోటు కాలరు సరిచేసుకోబోయి, ఆ చేయి అంతవరకు వెళ్ళదని గుర్తుకు వచ్చి ఆగిపోయారు.

ఆనాటి సిగ్గు ఆయనను మార్చి ఉంటే ఈ కథ ఇక్కడ ఆగేది. మరునాడు ఆయన గోడ దగ్గరకు వెళ్ళారు. వేళ్ళు గడ్డం ఎత్తువరకు పాకాయి, అక్కడ భుజంలో కత్తి దిగినట్లయింది. ఆయన కూర్చున్నారు. రేపటినుంచి పద్ధతిగా ప్రారంభించాలనుకున్నారు. సిగ్గుపడుతున్నాను గనుక నేను మంచివాణ్ణే అన్న ఒక దొంగ ఊరట కూడా ఆయనకు కలిగింది. వేడినీళ్ళ సంచి మాత్రం యథాప్రకారం వచ్చింది. ఆ రేపు, దాని తరువాతి రేపు కూడా అలాగే గడిచాయి.

బిడ్డ అనుకున్నదానికన్న ముందే వచ్చింది. శనివారం ఉదయం రాజ్యశ్రీ భర్త ఫోను చేసి, ఆడపిల్ల అని, ఇద్దరూ క్షేమమని చెప్పాడు. మంగ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఆ తడి ఆరకముందే లోపలికి వెళ్ళి సంచి తెచ్చి హాల్లో పెట్టింది. శశికాంత్ సెల్లులో హానోవర్ రైళ్ళు చూడసాగాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారాలి, నేనే వచ్చి ఎక్కిస్తానమ్మా అన్నాడు.

జనార్దనరావు గారు బనియనుతో గది గుమ్మంలో నిలబడి ఉన్నారు. మంగ ఇస్త్రీ చొక్కా తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆమె ముఖంలో ఇంకా ఆశ ఉంది.

"ఏమండీ, ఒక్కసారి మీరే తొడుక్కోండి. అది చూస్తే నేను నిశ్చింతగా వెళ్తాను."

వరుస ఆయనకు తెలుసు. ముందు కుడిచేయి. ఎడమచేత్తో చొక్కా పట్టుకుని కుడిచేతిని అందులోకి దూర్చారు. మోచేతి దాకా వెళ్ళి అది నిలిచిపోయింది. భుజం విదిలించబోతే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చొక్కా జారి నేలమీద పడింది. దానిని తీసుకోవడానికి వంగినప్పుడు కుడిచేయి ముందుకు వేలాడి ఊగింది. రిషిత ఏనుగు అనబోయి, తల్లి ముఖం చూసి మానుకుంది.

మంగ చొక్కా తీసి దులిపి ఆయనకు తొడిగింది. గుండీలన్నీ పెట్టి, మెడ దగ్గరి గుండీ మీద ఒక్క క్షణం చేయి ఆపి, టికెట్ ఇప్పుడు వద్దులే శశీ అంది. తరువాత రాజ్యశ్రీకి తానే ఫోను చేసింది. పెదనాన్నగారి చేయి ఇంకా లేవడం లేదు తల్లీ, కొంచెం ఆగి వస్తానని చెప్పింది. అవతలి గొంతు నీరసంగా ఉంది. పర్వాలేదు పెద్దమ్మా, బిడ్డను చూడడానికి ఇక్కడ మంత్రసాని రోజూ ఇంటికే వస్తుందట అన్నది ఆ గొంతు. పర్వాలేదన్న మాట ఆ హాలంతా వినబడింది.

శశికాంత్ సెల్లు బల్లమీద పెట్టాడు. "అమ్మా, ఫ్రావ్ లెంజ్ అన్నదంతా రిషి నాకు చెప్పింది. నువ్వు గారాబం చేసి నువ్వే ఎత్తి దించావు. కొంచెం గట్టిగా నిలబడి ఆయనచేత చేయించి ఉంటే ఈపాటికి వెళ్ళేదానివి."

"అవున్రా" అంది మంగ. "నాదే తప్పు."

జనార్దనరావు గారు గొంతు సవరించుకున్నారు. "వ్యాయామాలు సక్రమంగా చేయబడలేదు" అన్నారు.

"అదే నేనూ అంటున్నాను నాన్నగారూ" అన్నాడు శశికాంత్ తల్లి వైపే చూస్తూ.

ఆయన నిజం చెప్పబోయారు. తీరా ఆ వాక్యం నోరు దాటగానే, కర్త స్థానం ఖాళీగా ఉండడంతో, అందరూ మంగను తెచ్చి అందులో కూర్చోబెట్టారు. దశాబ్దాలుగా తాను రాసిన వాక్యాలు ఎవరెవరిని అలా తెచ్చి కూర్చోబెట్టి ఉంటాయో అన్న ఊహ ఒక్క క్షణం ఆయనకు తగిలి వెళ్ళింది.

సోఫా మీదనుంచి రిషిత, ఫ్రావ్ లెంజ్ గొంతును అచ్చంగా అనుకరిస్తూ, "బై హూ, తాతయ్యా?" అంది.

రిషీ, నోరు ముయ్యి అని వైశాలి కసిరింది. ఆయన చేయెత్తి కోడలిని ఆపబోయారు, ఎడమచేయే లేచింది.

"నేను చేయలేదు" అన్నారు.

ఆ రెండు మాటలు చాలా చిన్నవిగా వినబడ్డాయి. వాటితో సరిపోదని ఆయన కొనసాగించారు. మంగ ఎన్నడూ చేయి పట్టుకుని ఎత్తలేదని, ఆమె తన పరువు కోసం అక్కడ అలా చెప్పిందని, అప్పుడు తాను విని ఊరుకున్నానని చెప్పారు. ప్రతి వాక్యంలోనూ నేను అన్న మాట రాయిలా అడ్డం పడుతూ ఉంటే, దానిని దాటుకుంటూ చెప్పారు.

మంగ ఆయనను అర్థం కానట్లు చూసింది. "మరి రోజూ తలుపు వేసుకుని ఏం చేసేవారు?"

"పేపరు చదివాను."

"అయింది అనేవారు కదా?"

"పేపరు అయింది."

ఆమెకు అప్పటివరకు నిజంగానే తెలియదు. తెలిసి కప్పిపుచ్చి ఉంటే ఆయన సిగ్గు కొంత తేలికయ్యేదేమో. ఆమె నమ్మింది. వంటగది తలుపు వేసి, కుక్కరు కూతకు అడ్డం పెట్టి, అక్షరాలా నమ్మింది.

"పిల్ల పాట పాడుకుంటుంటే నోరు నొక్కానండీ నేను" అంది. అంతే అంది. లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చింది. "శశీ, టికెట్ చూడు."

"మరి నాన్నగారి సంగతి?"

"ఆయన చెయ్యి ఆయన దగ్గరే ఉంటుంది కదా. నా పని కాదని ఆవిడ అప్పుడే చెప్పింది. నేనే వినిపించుకోలేదు."

స్టేషను దాకా తానూ వస్తానని ఆయన అనాలనుకున్నారు. గుమ్మం పక్క కొక్కేనికి ఆయన కోటు వేలాడుతూ ఉంది. బయట చలి. మంగ చెప్పులు మార్చుకుని లేచి, అలవాటుకొద్దీ ఆ కోటు మీదికి చేయి చాపింది. చాపిన చేతిని వెనక్కి తీసుకుని తన సంచి అందుకుంది. ఆయన బనియను మీద ఆమె తొడిగిన చొక్కాతో గుమ్మంలోనే నిలబడి, మెట్ల మీద అడుగుల చప్పుడు కిందికి దిగిపోతుంటే విన్నారు.

ఆ చొక్కాను ఆయన ఆ రాత్రి విప్పలేదు. విప్పితే మళ్ళీ వేసుకోలేరు. మరునాడూ దానితోనే ఉన్నారు. ఇస్త్రీ మడత నలగని చొక్కా తప్ప వేసుకోని మనిషి, కోడలు కంచం ముందు పెడుతుంటే తన ఒంటి వాసన తనకే తెలిసి కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నారు. మామయ్యా, ఆయన్ని పిలవనా, చొక్కా మారుస్తారు అని వైశాలి తలుపు పక్కనుంచే అడిగింది. వద్దమ్మా అన్నారు. తరువాతి ఉదయం అందరూ వెళ్ళిపోయాక, ఎడమచేత్తో గుండీలు విప్పుకుని, చొక్కాను ఒంటినుంచి ఒలుచుకున్నారు. బనియనుతో గోడ దగ్గరకు వెళ్ళారు. తలుపు వేయలేదు. కర్టెను కూడా దగ్గరగా లాగలేదు.

ఎదుటి బాల్కనీలో పెద్దమనిషి మళ్ళీ చేయెత్తారు. జనార్దనరావు గారు నడుము వంచి ఉండడంవల్ల తల ఊపి ప్రతినమస్కారం చేశారు. సాయంత్రం బడినుంచి వచ్చిన రిషిత గుమ్మంలో నిలబడి, తొండం మరీ తొందరగా ఊపుతున్నావు, అసలు ఏనుగులకు తొందరే ఉండదు అని విమర్శించింది. అలాగే అన్నారు ఆయన.

ఫ్రావ్ లెంజ్ మళ్ళీ అడిగినప్పుడు ఆయన వాక్యాన్ని ముందే సిద్ధం చేసుకుని వెళ్ళారు. నేను చేయలేదు, నా భార్యకు ఇందులో ప్రమేయం లేదు, ఇప్పుడు నేను చేస్తున్నాను, సరిగ్గా చేయలేకపోతున్నాను అని ఇంగ్లీషులో చెప్పారు. అందుకు ఆమె ఏదో అనవలసి ఉందని ఆయన ఎదురుచూశారు. గూట్, మంచిది, చేయి ఎత్తండి అన్నది ఆమె. ఆమెకు ఆయన పశ్చాత్తాపంతో పనిలేదు, కోణంతోనే పని.

మంగ రోజూ ఫోను చేసేది. కొడుకుతో, కోడలితో, రిషితతో మాట్లాడేది. ఆయనతో మాట్లాడినప్పుడు భోజనం చేశారా అని అడిగేది. చేతి సంగతి అడిగేది కాదు. తానై చెప్పాలని ఆయనకూ అనిపించేది కాదు. చేశాను అని చెప్పుకోవడానికి ఆ మాట ఆయన నోట్లో ఇంకా అరువు తెచ్చుకున్నదానిలా ఉంది.

పురిటిస్నానం, ఆ తరువాత బిడ్డను ఉయ్యాలలో వేయడం హానోవర్‌లో జరిగిపోయాయి. ఉయ్యాలనాటి మధ్యాహ్నం మంగ వీడియో కాల్ చేసింది. ఇంట్లో ఆయన ఒక్కరే ఉన్నారు. ఆయన ఒంటిమీద ఒక చొక్కా ఉంది. ఆ ఉదయం చాలాసేపు పట్టింది. గుండీలు ఒకదాని కాజాలో మరొకటి పడి, కాలరు ఒకవైపు చెవిదాకా లేచి ఉంది. ఫోను పట్టుకునేవరకు ఆయన అది గమనించలేదు.

మంగ చూసింది. చూసిన క్షణాన ఆమె కుడిచేయి తెలియకుండానే తెర వైపు లేచింది, మెడ దగ్గరి గుండీ ఎత్తుకు. మధ్యలో ఆగింది. ఆమె ఆ చేతిని మళ్ళించి ఫోనును ఉయ్యాల వైపు తిప్పింది.

"నిద్రపోతోంది, చూడండి" అంది.

పసిపిల్ల మూసిన పిడికిళ్ళతో, రెండు చేతులూ తలకు అటూ ఇటూ పూర్తిగా పైకి చాపి నిద్రపోతూ ఉంది. ఎవరూ నేర్పకుండానే, ఎవరూ గుర్తు చేయకుండానే ఆ చేతులు అక్కడిదాకా వెళ్ళి హాయిగా పడి ఉన్నాయి. ఆయన చాలాసేపు చూశారు. మొదటి స్నానం ఎవరు చేయించారు అని అడగాలనుకున్నారు. మంగ ఒక్క రోజు ముందు వెళ్ళగలిగి ఉంటే ఎవరు చేయించేవారో ఆయనకు తెలుసు గనుక అడగలేదు.

"బాగుంది" అన్నారు.

"మీ గుండీ తప్పింది" అంది మంగ తెర బయటనుంచి. తిట్టినట్లు లేదు, మెచ్చినట్లు అంతకన్నా లేదు.

"నేనే తప్పు పెట్టుకున్నాను" అన్నారు ఆయన.

ఆమె ఇంకేమైనా అంటుందని ఆగారు. అవతల ఎవరో పిలిచారు. ఉంటానండీ అని ఆమె ఫోను పెట్టేసింది. ఆయన గుండీలన్నీ విప్పి మొదటినుంచి మళ్ళీ పెట్టుకోవడం మొదలుపెట్టారు. రెండవసారి కూడా ఒకటి మిగిలిపోయింది. దానిని అలాగే వదిలి గోడ దగ్గరకు వెళ్ళి, వేళ్ళను ఆన్చారు. అప్పుడే బడినుంచి వచ్చిన రిషిత బూట్లు విసిరికొట్టి, సంచి ఒకచోట పడేసి, హాల్లో గొంతెత్తి పాడుకోసాగింది. నోరు మూసుకోమనేవారు ఆ ఇంట్లో ఎవరూ లేరు. తెరిచి ఉన్న తలుపులోంచి ఆ పాట వస్తుంటే, ఆయన వేళ్ళు గోడ మీద గడ్డం ఎత్తు దాటి, నొప్పి మొదలయ్యే చోటికి మెల్లగా పాకాయి.